చౌడు నేర్పిన పాఠం

నిరుడు అక్టోబరు వానలకు మా మట్టిమిద్దె తూర్పుగోడ కూలింది. మేమంతా వసారాలో ఉన్నందున ప్రాణాలతో మిగిలినాము. "ఇంక చాలప్పా, అప్పో సప్పో చేసి సిమెంటు ఇల్లు కట్టుదాం" అన్నాడు నాయన. శెనగ్గాయల పెట్టుబడి కూడా తిరిగి రాని సంవత్సరమది. మా అబ్బ, అంటే తాత, కూలిన కుప్పను చూసి, "మట్టి యాడికీ పోలేదు గదరా, ఆడే పడింది" అన్నాడు. సైన్సు విద్యార్థినైన నేను దాన్ని చాదస్తమనుకున్నాను. తరువాత ఆలోచిస్తే అందులో పెద్ద పాఠమే ఉంది.

సిమెంటు నీటితో రసాయనికంగా కలిసి గట్టిపడుతుంది. మళ్లీ వెనక్కు రాదు. మట్టిగోడలో బంకమన్ను రేణువులు ఆరి, ఒకదానినొకటి పట్టుకుంటాయి. నానబెడితే మళ్లీ మెత్తనవుతాయి. కనుక కూలిన గోడే కొత్త గోడకు ముడిసరుకు.

మట్టి గుణం తెలుసుకోవడానికి గాజుసీసా చాలు. మూడో వంతు మట్టి, మిగతా నీళ్లు పోసి బాగా కుదిపి పెట్టండి. ముందు ఇసుక, తరువాత ఒండ్రు, చివరకు బంకమన్ను పేరుకుంటాయి. మా ఎర్రమట్టిలో బంక సుమారు నాలుగో వంతు తేలింది. నల్లరేగడి మాత్రం పనికిరాదు. అందులోని మాంట్‌మొరిల్లనైట్ తడిస్తే ఉబ్బి, ఎండితే బీటలిస్తుంది.

పాతమట్టిని నానబెట్టి, వరిగడ్డి కలిపి తొక్కి, రాతి పునాది మీద అడుగున్నర మందాన మూరెడేసి ఎత్తు వరుసలు పెట్టినాము. ఒక వరుస ఆరితేనే రెండోది. దూలాలు, దంతెలు, వాకిలి అన్నీ పాతవే. చెదలు తిన్న రెండింటికి బదులు పక్కింటివారు విప్పిన ఇంటి వేపదూలాలు ఇచ్చినారు.

ఇక మిద్దె కప్పు. దంతెల మీద కట్టెలు, ఆకు, మట్టి పరచి, పైన చౌడు వేస్తారు. పంట పండని చౌడు ఇంటిని ఎట్లా కాపాడుతుంది? చౌడునేలలో పి.హెచ్. 8.5 దాటి ఉంటుంది, సోడియం ఎక్కువ. తడిసినప్పుడు సోడియం బంకరేణువులను విడదీస్తుంది; అవి సందులను పూడ్చివేస్తాయి. నీరు కిందికి దిగదు. పొలంలో వేరుకు నీరందకుండా చేసే గుణమే మిద్దె మీద గొడుగవుతుంది! పొలం బాగుకు జిప్సం వేస్తే కాల్షియం వచ్చి సోడియాన్ని తొలగిస్తుంది. కాబట్టి జిప్సం వేసిన చౌడును మిద్దెకు తోలరాదు.

మరి మా గోడ ఎందుకు కూలింది? మూడేళ్లుగా మిద్దెకు చౌడు వేయలేదు. దోనె పక్క బీటలోంచి నీరు గోడలోకి దిగింది. తప్పు మట్టిది కాదు, మాది. ఇంకో జాగ్రత్త కూడా అవసరం. పాతపొర గీకకుండా ఏటా కొత్తది వేస్తే బరువు పెరుగుతుంది. పది సెంటీమీటర్ల మందం మట్టి చదరపు మీటరుకు సుమారు 160 కిలోలు. తడిస్తే ఇంకా ఎక్కువ. దూలం విరిగితే ప్రాణాలు పోతాయి.

బెంగుళూరు భారతీయ విజ్ఞాన సంస్థలో 1974లో మొదలైన 'అస్త్ర' కేంద్రంవారు మట్టికి కొద్దిగా సిమెంటు కలిపి, యంత్రంతో నొక్కి, వానకు కరగని ఇటుకలు రూపొందించినారు. మంచి మార్గమే. అయితే ఆ ఇటుకను మళ్లీ నానబెట్టి వాడుకోలేము.

మూడేళ్లు చౌడెందుకు వేయలేదంటే, మనుషులు లేక. పూర్వం ముయ్యాళ్లు ఉండేది. నేడు నీ మిద్దెకు నేను, రేపు నా మిద్దెకు నీవు. ఇప్పుడు వయసువాళ్లు బెంగుళూరు పోయినారు. ఈసారి ఆరిళ్లవాళ్లు వచ్చినారు. చాలామంది అబ్బ ఈడువాళ్లే. కూలి ఇవ్వబోతే ఒకాయన, "మీ అబ్బ మా మిద్దెకు వచ్చినాడులే నాయనా" అన్నాడు.

ఆ లెక్క నా తలపై పడింది. మిత్రులారా, ఈ వేసవి సెలవుల్లో నేను ఆరు మిద్దెలకు చౌడు మోయాలి. మట్టిమిద్దె ఆయుస్సు మట్టిలో లేదు, ఏడాదికొకసారి గంప ఎత్తే చేతుల్లో ఉంది.