జైల్‌బ్రేక్ గురించి మేనల్లుడికి



సెల్‌ఫోన్ రిపేరులో చెయ్యి తిరిగిందని, డిస్‌ప్లేలూ బ్యాటరీలూ మార్చడం దాటి సాఫ్ట్‌వేర్ కొట్టేదాకా వచ్చావని మీ అమ్మ చెప్పింది. చాలా సంతోషం. ఎవరైనా షాపుకి వచ్చి ఐఫోన్ జైల్‌బ్రేక్ చేసిపెట్టమంటే చెయ్యొచ్చా, అది తప్పా అని అడిగావు. ఒక్కముక్కలో తేలే సంగతి కాదిది. ఫోన్‌కి తాళం ఎవరు వేశారు, ఎందుకు వేశారు, దాన్ని తీసినవాళ్లు ఏం బాగుపడ్డారు, ఏం నష్టపోయారు అన్నది మొదటినుంచీ తెలిస్తే ఏ ఫోన్ మీద చెయ్యి వెయ్యాలో, దేన్ని ముట్టుకోకూడదో నువ్వే చెప్పగలవు.

మొదటి ఐఫోన్ 2007 జూన్ 29న అమెరికాలో అమ్మకానికి వచ్చింది. ఇవాళ నమ్మబుద్ధి కాదు గానీ, అందులో యాప్ స్టోర్ లేదు, కాపీ-పేస్ట్ లేదు. ఏటీ అండ్ టీ సిమ్ తప్ప ఇంకొకటి పనిచేసేది కాదు. ఆ ఆగస్టులోనే న్యూజెర్సీలో ఉండే పదిహేడేళ్ల జార్జ్ హాట్జ్ ఫోన్ విప్పి, బోర్డు మీద సోల్డరింగ్ చేసి, వేరే నెట్‌వర్క్ సిమ్‌తో దాన్ని పనిచేయించి చూపించాడు. అలా తెరిచిన ఫోన్‌ని ఒక కంపెనీకి ఇచ్చి, బదులుగా నిస్సాన్ 350జడ్ కారు, మూడు ఐఫోన్లు తీసుకున్నాడు. అతను చేసింది సిమ్ అన్‌లాక్. ఆ రోజుల్లోనే ఇంకొందరు ఫోన్ లోపలి ఫైళ్లలోకి దారి కనిపెట్టి, ఆపిల్ అనుమతించని ప్రోగ్రాములు వేసుకోవడం మొదలుపెట్టారు. జైల్‌బ్రేక్ అంటే అది. ఈ రెండూ వేర్వేరు పనులు. కస్టమర్లు కలిపే అడుగుతారు కాబట్టి విడదీసి చెప్పడం నీ పని.

జే ఫ్రీమన్ అనే ప్రోగ్రామర్ 2008 ఫిబ్రవరిలో సిడియాని విడుదల చేశాడు. జైల్‌బ్రేక్ చేసిన ఫోన్లకి అదే అంగడి. ఆపిల్ సొంత యాప్ స్టోర్ తెరుచుకున్నది ఆ జులై 10న, సుమారు 500 యాప్‌లతో. కాపీ-పేస్ట్ కోసం మామూలు వాడకందార్లు 2009 దాకా ఆగాల్సి వచ్చింది. గ్రెగ్ హ్యూస్ అనే బ్రిటిష్ విద్యార్థి వైర్ లేకుండా ఐఫోన్‌ని కంప్యూటర్‌తో సింక్ చేసే యాప్ రాస్తే 2010లో ఆపిల్ తిరస్కరించింది. అతను దాన్ని సిడియాలో అమ్ముకున్నాడు. మరుసటి ఏడాది ఐఓఎస్ 5లో ఆపిల్ అదే సౌకర్యాన్ని తనే ఇచ్చింది. పైనుంచి కిందికి లాగితే వచ్చే వైఫై, బ్లూటూత్ బటన్లు కూడా జైల్‌బ్రేక్ ఫోన్లలో ఏళ్ల ముందే ఉండేవి. ఇది అల్లరి మూకల పని అనేవాళ్లకి ఈ చరిత్రే జవాబు.

ఇక లోపల ఏం జరుగుతుందో చూద్దాం. ఐఫోన్ ఆన్ చెయ్యగానే ముందుగా నడిచేది బూట్‌రోమ్. చిప్ తయారయ్యేటప్పుడే అందులో ముద్రించేసే చిన్న ప్రోగ్రాం ఇది. ఆ తర్వాత దాన్ని ఆపిల్ కూడా మార్చలేదు. తన తర్వాత రావాల్సిన ప్రోగ్రాం మీద ఆపిల్ డిజిటల్ సంతకం ఉందో లేదో బూట్‌రోమ్ చూస్తుంది. సరిపోతేనే నడవనిస్తుంది. ఆ ప్రోగ్రాం కెర్నల్ సంతకం చూస్తుంది. కెర్నల్ ప్రతి యాప్ సంతకాన్నీ చూస్తుంది. ఈ వరసలో ఎక్కడో ఒకచోట లోపం పట్టుకుని సంతకం లేని ప్రోగ్రాంని నడిపించడమే జైల్‌బ్రేక్. మామూలు లోపమైతే తర్వాతి అప్‌డేట్‌లో మూసుకుపోతుంది. కానీ 2019 సెప్టెంబరులో యాక్సియమ్ఎక్స్ అనే పేరుతో రాసే పరిశోధకుడు బయటపెట్టిన చెక్‌మేట్ లోపం బూట్‌రోమ్‌లోనే ఉంది. ఐఫోన్ 4ఎస్ నుంచి ఐఫోన్ ఎక్స్ దాకా వచ్చిన ఫోన్లన్నిటికీ అది వర్తిస్తుంది. ఏ అప్‌డేట్‌తోనూ పోదు. అయితే ఫోన్‌ని సాఫ్ట్‌వేర్ ఎక్కించే డీఎఫ్‌యూ మోడ్‌లో పెట్టి, కేబుల్‌తో కంప్యూటర్‌కి తగిలిస్తే తప్ప అది పనిచెయ్యదు. ఫోన్ రీస్టార్ట్ చేశారంటే జైల్‌బ్రేక్ పోతుంది, మళ్లీ కేబుల్ పెట్టాల్సిందే. కస్టమర్ ఇంటికెళ్లి ఫోన్ ఆఫ్ చేసి ఆన్ చేసుకుని, "నువ్వు చేసింది పోయింది" అని తిరిగొచ్చేది ఇందుకే.

ఒకే తలుపుకి ఇక్కడ రెండు తాళాలున్నాయి. ఒకటి భద్రత తాళం: దొంగ ప్రోగ్రాం ఫోన్‌లో చొరబడకుండా ఆపేది. రెండోది వ్యాపారం తాళం: యాప్ ఎక్కడ కొనాలి, అమ్మకంలో 15 నుంచి 30 శాతం కమీషన్ ఎవరికి చేరాలి అన్నది తేల్చేది. అపార్ట్‌మెంట్ గేటు దగ్గర వాచ్‌మన్ ఉండాల్సిందే. కానీ ఆ వాచ్‌మన్ బిల్డర్ మనిషై, ఏ పాలవాడు లోపలికి రావాలో తనే నిర్ణయించి, పాల డబ్బుల్లో వాటా కూడా తీసుకుంటే ఫ్లాట్ కొన్నవాళ్లు ఊరుకోరు. ఫోన్ విషయంలో ఇన్నాళ్లూ ఊరుకున్నాం. రెండో తాళం గురించి ఎవరడిగినా కంపెనీలు మొదటి తాళాన్నే చూపిస్తూ వచ్చాయి.

కంపెనీ చేతిలో పూర్తి పెత్తనం ఉంటే ఏం జరుగుతుందో చెప్పే రుజువులు తక్కువేమీ కావు. బ్యాటరీ పాతబడిన ఐఫోన్లు ఉన్నట్టుండి ఆగిపోకుండా ఉండాలని వాటి వేగాన్ని అప్‌డేట్ ద్వారా తగ్గించినట్టు 2017 డిసెంబరులో ఆపిల్ ఒప్పుకుంది. ఆ సంగతి వాడేవాళ్లకి సరిగ్గా చెప్పనందుకు 2020లో ఫ్రాన్స్ 2.5 కోట్ల యూరోల జరిమానా వేసింది. కొత్త బ్యాటరీ వేస్తే సరిపోయేదానికి కొత్త ఫోనే కొన్నవాళ్లున్నారు. 2019 అక్టోబరులో హాంగ్‌కాంగ్ ఆందోళనల సమయంలో, పోలీసులు ఎక్కడున్నారో చూపించే హెచ్‌కేమ్యాప్ యాప్‌ని ఆపిల్ స్టోర్ నుంచి తీసేసింది. అప్పటికి ఐఫోన్‌కి ఇంకో అధికారిక స్టోర్ లేదు కాబట్టి అక్కడి వాళ్లకి ఆ దారి మూసుకుపోయింది. నీ పనికి సంబంధించింది ఇంకొకటుంది. ఐఫోన్ 13 వచ్చిన కొత్తలో బయట స్క్రీన్ మారిస్తే ఫేస్ ఐడీ పనిచేసేది కాదు. ఒరిజినల్ స్క్రీన్ వేసినా అంతే. స్క్రీన్‌నీ ఫోన్‌నీ సాఫ్ట్‌వేర్‌తో జతకట్టడం వల్ల వచ్చిన చిక్కు అది. రిపేరు చేసేవాళ్లు గొడవ చేశాక 2021 నవంబరులో ఆపిల్ వెనక్కి తగ్గింది. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రం 2024లో అలాంటి జతకట్టడాన్నే నిషేధిస్తూ చట్టం తెచ్చింది.

ఇంతవరకే చదివి స్క్రూడ్రైవర్ అందుకోకు. రెండో వైపు కూడా అంతే గట్టిగా ఉంది.

2009 నవంబరులో ఆస్ట్రేలియాలో ఐకీ అనే వర్మ్ జైల్‌బ్రేక్ చేసిన ఐఫోన్లలో పాకింది. కారణం చాలా చిన్నది. జైల్‌బ్రేక్ చేసినవాళ్లు దూరం నుంచి ఫోన్‌లోకి లాగిన్ అయ్యే ఎస్ఎస్‌హెచ్ వేసుకుని, పాస్‌వర్డ్‌ని మాత్రం మార్చకుండా వదిలేశారు. అన్ని ఫోన్లలోనూ ఒకటే పాస్‌వర్డ్: ఆల్పైన్. ఆ వర్మ్ వాల్‌పేపర్ మార్చి వదిలేసింది గానీ, కొద్దిరోజులకే వచ్చిన దాని తోబుట్టువు నెదర్లాండ్స్‌లో ఒక బ్యాంకు ఖాతాదార్ల మీద పడింది. 2015లో కీరైడర్ అనే మాల్‌వేర్ జైల్‌బ్రేక్ ఫోన్ల నుంచి 2,25,000కి పైగా ఆపిల్ ఖాతాల వివరాలు కాజేసింది.

ఇంకా లోతైన ఉదాహరణ చెబుతాను, జాగ్రత్తగా చదువు. 2011 జులైలో జైల్‌బ్రేక్‌మీ అనే సైట్ ఉండేది. ఐఫోన్‌లో ఆ పేజీ తెరిచి ఒక బటన్ నొక్కితే చాలు, ఫోన్ తెరుచుకునేది. పీడీఎఫ్‌లోని ఫాంట్లను చదివే చోట ఉన్న లోపమే దారి. దాన్ని తయారుచేసిన నికొలస్ అలెగ్రా ఆ రంధ్రాన్ని మూసే ప్యాచ్ కూడా సిడియాలో పెట్టాడు. ఆపిల్ అప్‌డేట్ వచ్చేదాకా కొన్నాళ్లపాటు జైల్‌బ్రేక్ చేసిన ఫోన్లే ఆ విషయంలో ఎక్కువ భద్రంగా ఉన్నాయి. తర్వాత 2016 ఆగస్టు. యునైటెడ్ అరబ్ ఎమిరేట్స్‌లో అహ్మద్ మన్సూర్ అనే మానవ హక్కుల కార్యకర్త ఫోన్‌కి ఒక లింకుతో ఎస్ఎంఎస్ వచ్చింది. ఆయన దాన్ని నొక్కకుండా టొరంటో విశ్వవిద్యాలయంలోని సిటిజన్ ల్యాబ్‌కి పంపాడు. నొక్కి ఉంటే మూడు లోపాల గొలుసుతో ఆ ఫోన్ దూరం నుంచే జైల్‌బ్రేక్ అయ్యి, పెగాసస్ నిఘా ప్రోగ్రాం అందులో కూర్చునేది. పద్ధతి దాదాపు ఒకటే. మొదటిదాంట్లో బటన్ నొక్కింది ఫోన్ యజమాని, తెలిసి నొక్కాడు. రెండోదాంట్లో యజమానికి తెలియకుండానే పని జరిగిపోవాలని పన్నాగం. ఫోన్‌లో రంధ్రం ఉంటే అది అందరికీ రంధ్రమే. రంధ్రాల మీద ఆధారపడ్డ స్వేచ్ఛ ఎన్నాళ్లో నిలవదు.

తెలుగువాళ్లకి బాగా తెలిసిన ఉదంతం ఒకటుంది. 2018 ఫిబ్రవరిలో ఒక్క తెలుగు అక్షరం ప్రపంచమంతటా ఐఫోన్లను కూలదోసింది. జకి ఞ ఒత్తు, దాని వెనక కంటికి కనపడని ఒక కోడు, ఆపైన దీర్ఘం. ఆ వరసలో ఉన్న మెసేజ్ వస్తే యాప్ మూతపడేది. విజ్ఞానం అని మామూలుగా టైపు చేస్తే ఏమీ అయ్యేది కాదు. అక్షరాల్ని తెరమీద పేర్చే ఆపిల్ ప్రోగ్రాంలో ఉన్న లోపమది. దాని సోర్సు కోడు బయటివాళ్ల దగ్గర లేదు కాబట్టి తెలుగు లిపి తెలిసిన ప్రోగ్రామర్లు ఎందరున్నా చూస్తూ కూర్చోవాల్సి వచ్చింది. ఫిబ్రవరి 19న ఐఓఎస్ 11.2.6 వచ్చాక సర్దుకుంది. అప్‌డేట్ ఒక్కచోటి నుంచే వస్తుంది కాబట్టే అన్ని దేశాలకీ ఒకేసారి అందిందని కూడా ఒప్పుకోవాలి.

ఆండ్రాయిడ్‌లో కథ వేరు. 2012లో 4.1 వెర్షన్ వచ్చేదాకా చాలా ఫోన్లలో తెలుగు డబ్బాలుగానే కనపడేది. సొంత భాష చదువుకోవడానికే ఫోన్ రూట్ చేసి (ఆండ్రాయిడ్‌లో జైల్‌బ్రేక్ లాంటిదే ఇది) సిస్టమ్ ఫోల్డర్‌లో ఫాంట్ వేసుకున్నవాళ్లున్నారు. అలా వేసినా ఒత్తులు సరిగ్గా కూర్చునేవి కావు. ఇంకొందరు ఒపెరా మినీ బ్రౌజర్‌లో బిట్‌మ్యాప్ ఫాంట్ల సెట్టింగ్ మార్చుకుని చదివేవాళ్లు. ఇప్పటికీ ఆండ్రాయిడ్ కంపెనీలన్నీ ఒకలా లేవు. కొన్ని బూట్‌లోడర్ (ఓఎస్‌ని మొదలుపెట్టే ప్రోగ్రాం) తెరవనిస్తాయి, కొన్ని అసలు ఒప్పుకోవు. శాంసంగ్‌లో బయటి సాఫ్ట్‌వేర్ ఎక్కిస్తే చిప్‌లోని నాక్స్ ఫ్యూజ్ మారిపోతుంది. మళ్లీ పాత సాఫ్ట్‌వేర్ కొట్టినా అది వెనక్కి రాదు, సెక్యూర్ ఫోల్డర్ ఇక పనిచెయ్యదు.

గూగుల్ పిక్సెల్‌లో మాత్రం ఒక మంచి ఏర్పాటుంది. యజమాని బూట్‌లోడర్ తెరిచి, గ్రాఫీన్‌ఓఎస్ లాంటి వేరే ఓఎస్ ఎక్కించి, దాని తాళంచెవిని ఫోన్‌లో నమోదు చేసి, మళ్లీ బూట్‌లోడర్ మూసెయ్యొచ్చు. ఆన్ చేసిన ప్రతిసారీ వేరే ఓఎస్ నడుస్తోందని పసుపురంగు గుర్తుతో హెచ్చరిక కనపడుతుంది. సంతకాల తనిఖీ మాత్రం యథాతథంగా సాగుతుంది. లోపం వెతకనక్కర్లేదు, భద్రత పోదు, ఏ ఓఎస్ నడవాలో యజమానే చెబుతాడు. భద్రత తాళాన్నీ వ్యాపారం తాళాన్నీ విడదీయడం కుదరదనే మాట నిజం కాదని ఈ ఒక్క ఫోనే చూపిస్తోంది.

చట్టం ఏమంటుందన్నావు. అమెరికాలో 2010 జులైలో జైల్‌బ్రేక్ కాపీరైట్ చట్టాన్ని ఉల్లంఘించడం కాదంటూ మినహాయింపు ఇచ్చారు. మన కాపీరైట్ చట్టంలో 2012లో చేర్చిన 65ఏ సెక్షన్, హక్కుల్ని ఉల్లంఘించే ఉద్దేశంతో రక్షణ ఏర్పాట్లని ఛేదిస్తే రెండేళ్ల దాకా జైలు, జరిమానా అంటుంది. చట్టం స్పష్టంగా నిషేధించని ప్రయోజనానికైతే ఆ సెక్షన్ అడ్డురాదు. అంటే డబ్బులిచ్చి కొనాల్సిన యాప్‌లను దొంగతనంగా వేసివ్వడానికి జైల్‌బ్రేక్ చేస్తే చిక్కులో పడతావు. యజమాని తన ఫోన్‌ని తన పద్ధతిలో వాడుకోవడం వేరే సంగతి. పెద్ద కంపెనీల మీద మనవాళ్లు ఊరుకున్నారని కూడా అనుకోకు. ఆండ్రాయిడ్ మీద పెత్తనాన్ని దుర్వినియోగం చేసిందని 2022 అక్టోబరులో కాంపిటీషన్ కమిషన్ గూగుల్‌కి 1,337.76 కోట్ల రూపాయల జరిమానా వేసింది. 2023 మార్చిలో అప్పిలేట్ ట్రిబ్యునల్ కొన్ని ఆదేశాలను పక్కనపెట్టినా జరిమానాని నిలబెట్టింది.

ఇక నీ షాపు సంగతి. రోజూ వాడే ఫోన్‌ని, అందులోనూ ఫోన్‌పే, బ్యాంకు యాప్‌లు ఉన్నదాన్ని జైల్‌బ్రేక్ గానీ రూట్ గానీ చెయ్యకు. చాలా యాప్‌లు పనిచెయ్యవు, డబ్బుకి ముప్పు. వాడకుండా పక్కన పడేసిన పాత ఫోన్ తెచ్చుకుని దాని మీద నేర్చుకో. అంతకంటే మంచి పాఠశాల లేదు. కస్టమర్ తన పాత ఫోన్‌ని తెస్తే ఏం పోతుందో, ఏం వస్తుందో చెప్పి, డేటా బ్యాకప్ తీసి, ఒప్పుకున్నాకే ముట్టుకో. ఎస్ఎస్‌హెచ్ ఉంటే పాస్‌వర్డ్ మార్చి ఇవ్వు. బిల్లు లేని ఫోన్‌కి యాక్టివేషన్ లాక్, గూగుల్ ఖాతా లాక్ తియ్యమని ఎవరొచ్చినా వద్దని చెప్పు. అవి దొంగల్ని ఆపడానికి పెట్టిన తాళాలు. ఫోన్ గుర్తింపు నంబరు ఐఎంఈఐని మార్చడం నేరం, ఎంత డబ్బిస్తానన్నా చెయ్యొద్దు. పోయిన ఫోన్ గురించి అడిగేవాళ్లకి సంచార్ సాథీ పోర్టల్‌లో బ్లాక్ చేసే పద్ధతి చూపించు. తెలంగాణ పోలీసులు ఆ వ్యవస్థ సాయంతోనే ఎన్నో ఫోన్లు వెతికి యజమానులకి అప్పగిస్తున్నారు.

యూరప్‌లో డిజిటల్ మార్కెట్స్ చట్టం వల్ల 2024 మార్చి నుంచి ఐఫోన్‌లో ఇతర స్టోర్లకి చోటిచ్చారు. అక్కడ దానికి జైల్‌బ్రేక్ అక్కర్లేకపోయింది. మన దేశంలోనూ అదే నెలలో డిజిటల్ కాంపిటీషన్ బిల్లు ముసాయిదా బయటికొచ్చింది. ఇలాంటి ముసాయిదాలు అభిప్రాయాలకి వచ్చినప్పుడు కంపెనీల లాయర్లు పేజీలకి పేజీలు రాస్తారు. రిపేరు బల్ల దగ్గర కూర్చునే నీలాంటివాళ్లు కూడా రాయాలి. ఫోన్ కొన్నవాళ్లకి దాని తాళంచెవి అడిగితే ఇచ్చేలా చట్టం ఉండాలని, రోజూ చూస్తున్న ఉదాహరణలతో, తెలుగులోనే రాయి. మీ షాపులో పనిచేసే నలుగురి చేతా రాయించు.

ఆశీస్సులతో,
మామయ్య