బండి ఒకటే, ఇంజిన్ ఏది?

ప్రశ్న: సెకండ్ హ్యాండ్‌లో 2010 మోడల్ స్విఫ్ట్ పెట్రోల్ కారు కొన్నాను. తెచ్చిన స్పేర్ పార్టులు సరిపోవడం లేదు. ఇందులో ఏ ఇంజిన్ ఉందో తెలుసుకోవడం ఎలా?

జవాబు: మీ ఇబ్బందికి కారణం ఆ ఏడాదే. 2010లో స్విఫ్ట్ పెట్రోల్ ఇంజిన్ 1.3 లీటర్ల నుంచి 1.2కి మారింది. కాబట్టి మోడల్ సంవత్సరం చెప్పి పార్టులు కొనకండి. ముందు ఆర్‌సీలో సీసీ చూడండి. 1298 ఉంటే పాత జి13బిబి, 1197 అయితే కె12ఎం. తర్వాత ఇంజిన్ చల్లారాక, బ్లాక్‌పై చెక్కిన నంబరు మీది జిడ్డును కిరోసిన్ గుడ్డతో తుడిచి, టార్చి వేసి చదవండి. మొదటి అక్షరాలే రకాన్ని చెబుతాయి. ఇది తప్పక తేల్చుకోవాలి. పాతదానికి టైమింగ్ బెల్టు ఉంటుంది, గడువుకు మార్చాల్సిందే, కొత్తదానికి చైన్. నంబరు ఆర్‌సీతో కలవకపోయినా, చెరిపినట్టున్నా పార్టులు కొనడం ఆపి, అధీకృత సర్వీస్ సెంటర్‌లో చూపించి, వెంటనే ఆర్‌టీఓ కార్యాలయంలో సంప్రదించండి.