మాఘమాసపు సలహాలు: పెరటి కొబ్బరిపై సర్పిలాకార తెల్లదోమ

కూచిపూడి, మొవ్వ, ఘంటసాల పరిసరాల్లో ఇంటి తిండిని ఇంటి ఆవరణలోనే పండించుకోవాలని పెరడు సిద్ధం చేసుకునే కుటుంబాలు విత్తనాల సంచులు కొనడానికి ముందు దొడ్లో నిలిచి ఉన్న కొబ్బరిచెట్టు కింద నిలబడి తల పైకెత్తి చూడటం ఈ నెలలో అత్యవసరం. మంచు తగ్గి పొడి ఎండ మొదలయ్యే మాఘం నుంచి తొలకరి దాకా సర్పిలాకార తెల్లదోమ ఉధృతమయ్యే కాలం కాబట్టి, కింది మట్టల ఆకుల అడుగున తెల్లని మైనపు వలయాలు, పైభాగాన నల్లని మసి కనిపిస్తే పెరటి ప్రణాళిక అంతా ఆ చెట్టు దగ్గరనుంచే మొదలుకావాలి.

ఈ డెల్టా ఊళ్ళలో స్వయంపోషణ, అంటే కుటుంబం తన ఆహారంలో అధికభాగాన్ని తానే పండించుకోవడం, కొత్తగా నేర్చుకోవలసిన విద్య కాదు. నలుగురున్న ఇంటికి తలకు రోజుకు 330 గ్రాముల చొప్పున ఏడాదికి సుమారు 480 కిలోల బియ్యం సరిపోతాయి. ధాన్యంలో మూడింట రెండు వంతులు బియ్యంగా దిగుతుందనుకుంటే 75 కిలోల బస్తాలు పది ఉంటే చాలు, అవి అరెకరం మాగాణిలోనే తేలతాయి. వరి కోతకు ముందు చల్లిన మినుము ఇంటికి పప్పునిస్తుంది. మిగిలినది కూరగాయలు, నూనె, పండు, గుడ్డు. వీటి భారం అయిదారు సెంట్ల పెరటిమీద పడుతుంది. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2024 మార్గదర్శకాల్లో చెప్పినట్లు మనిషికి రోజుకు 400 గ్రాముల కూరగాయలు కావాలంటే ఇంటికి కిలోన్నర పైమాటే. ఆ పెరట్లో కాయ, నూనె, పందిరికి మట్ట, చీపురుకు ఈనె, పొయ్యిలోకి డొక్క, కింది మొక్కలకు పలచని నీడ ఇచ్చేది కొబ్బరి ఒక్కటే కాబట్టి, దాన్ని పట్టిన పురుగు దాని కింద బతికే అరటినీ బచ్చలినీ కూడా పట్టినట్లే లెక్క.

ఈ దోమ ఇక్కడిది కాదు. మధ్య అమెరికాలోని బెలీజ్ నుంచి 2004లో శాస్త్రలోకానికి పరిచయమై, 2009లో అమెరికాలోని ఫ్లోరిడాలో నమోదై, 2016లో తమిళనాడులోని పొల్లాచ్చి కొబ్బరితోటల్లో బయటపడి, ఆ ఏడాది చివరికే తూర్పు గోదావరి జిల్లా కడియం ప్రాంతంలో కనిపించింది. కడియం అంటే నర్సరీలు; నర్సరీ మొక్కల ఆకుల అడుగున గుడ్లు, పిల్లపురుగులు ఊళ్ళు దాటతాయి. పెరడు మొదలుపెట్టే ఉత్సాహంలో కొబ్బరి, అరటి, జామ, సపోటా మొక్కలను ఆకు తిరగేసి చూడకుండా కొని తెచ్చుకున్న ఇల్లు తన డబ్బుతో తానే పురుగును తెచ్చుకున్నట్లవుతుంది.

ఆడదోమ ఆకు అడుగున గుడ్లను వలయాలుగా చుట్టుకుపోయేలా పెడుతుంది. దాని పేరుకు కారణం ఇదే. పిల్లపురుగులు రసం పీల్చి విసర్జించే తియ్యని జిగట పదార్థం, అంటే తేనెబంక, కింది ఆకులమీద పడి, దానిపై నల్లని మసి శిలీంద్రం పెరుగుతుంది. ఈ మసి ఆకు కణజాలంలోకి చొచ్చుకుపోదు. ఎండను అడ్డుకుని ఆకు పిండిపదార్థం తయారుచేసుకునే శక్తిని తగ్గిస్తుంది. చెట్టు చావదు. ఈ ఒక్క మాట తెలియకపోవడం వల్లనే నల్లని ఆకు పట్టుకుని దుకాణానికి పోయిన రైతు మసికి ఒక తెగులుమందు, దోమకు ఒక పురుగుమందు, "చెట్టు తేరుకోవడానికి" ఒక టానిక్కు కలిపి మూడు సీసాలతో తిరిగి వస్తున్నాడు. ఈ మూడింటిలో ఒక్కటీ అవసరం లేదని ఎన్నిసార్లు చెప్పినా సీసాల అమ్మకం ఆగడం లేదు.

రసాయనాలు ఎందుకు వద్దో స్పష్టంగా తెలుసుకోవాలి. ఎన్‌కార్సియా గ్వాడెలోపే అనే అతి సూక్ష్మమైన పరాన్నజీవి, అంటే మరో పురుగు శరీరంలో పెరిగి దాన్ని చంపే కీటకం, ఈ దోమ పిల్లపురుగులను వెతికి గుడ్లు పెడుతుంది. భూతద్దంతో చూసినప్పుడు ఖాళీ గూడుకు గుండ్రని రంధ్రం ఉంటే అందులోనుంచి మిత్రకీటకం బయటికి వచ్చిందనీ, ఆంగ్ల టీ అక్షరం ఆకారంలో చీలిక ఉంటే దోమే ఎగిరిపోయిందనీ గుర్తు. గుండ్రని రంధ్రాలు కనిపించే చెట్టుమీద మందు కొట్టడం తోటలో జీతం లేకుండా పనిచేసే కూలీని తరిమివేయడమే. మిత్రకీటకాలు చచ్చి, దోమ కొద్దివారాల్లో రెట్టింపు బలంతో తిరిగివస్తుంది. కూరగాయలపై వాడకాన్ని ఏనాడో నిషేధించిన మోనోక్రోటోఫాస్‌ను వేరు ద్వారా ఎక్కించమనే సలహా ఇప్పటికీ వినిపిస్తూనే ఉంది. ఇంటి పిల్లలు బొండాం నీళ్ళు తాగే చెట్టుకు ఆ పని చేయడం క్షమించరానిది.

చేయవలసినవి కొద్దే. నిచ్చెన అందే చెట్టుకు మోటారు పైపుతో ఆకు అడుగుభాగాన ఒత్తిడిగా నీళ్ళు కొడితే పిల్లపురుగులు చాలావరకు రాలిపోతాయి. ఆముదం పూసిన పసుపుపచ్చ రేకులను మొదలుకు కడితే పెద్దదోమలు అంటుకుంటాయి. మసిమీద పలచని గంజి చల్లితే ఎండకు పొరలుగా లేచి రాలుతుంది. ఉధృతి ఎక్కువైతే లీటరు నీటికి 5 మి.లీ. వేపనూనె, కొద్దిగా సబ్బుతో కలిపి వాడవచ్చు; లేదా అంబాజీపేట ఉద్యాన పరిశోధన స్థానం తయారుచేసే ఇసారియా ఫ్యుమోసోరోసియా అనే మిత్ర శిలీంద్రాన్ని లీటరుకు 5 గ్రాముల చొప్పున సాయంత్రం చల్లదనంలో ఆకు అడుగున తడిసేలా పిచికారీ చేయాలి. అది సజీవమైన పదార్థం; ఎండ తగిలే అరలో నెలల తరబడి పడి ఉన్న పొట్లంలో బతికి ఉన్నది ఏమీ మిగలదు కాబట్టి తయారీ తేదీ చూడకుండా కొనరాదు. ఇక యాభై అడుగుల పాతచెట్టుకు పిచికారీ అందదు. అందని దానికోసం మనిషిని ఎక్కించి మందు కొట్టించడం ప్రాణానికీ డబ్బుకూ చేటు. దాన్ని మిత్రకీటకాలకూ తొలకరి జల్లులకూ వదిలివేయడమే సరైన యాజమాన్యం.

"బయో" అని పేరుపెట్టి, లోపల ఏముందో రాయని సీసాలను పెరటి కిట్లతో కలిపి అంటగట్టే పద్ధతి మరీ పెరిగింది. ఎకరానికి 200 లీటర్లు వాడే జీవామృతం, అంటే పేడ, పశుమూత్రం కలిపి ఇంట్లోనే పులియబెట్టే ద్రవం, అయిదు సెంట్లకు 10 లీటర్లు చాలు. ఒక పశువున్న ఇంటికి, లేదా పొరుగున పశువున్న ఇంటికి, దాన్ని కొనవలసిన అగత్యం ఏమిటో అర్థం కాదు.

ఇక ఈ నెలలో చూసుకోవలసిన మిగతా పనులు. మాగాణి మినుములో పల్లాకు తెగులును వ్యాపింపజేసేది మరో జాతి తెల్లదోమ. కొబ్బరి దోమ చేనుకు దిగిందనే భయంతో మినుముపై మందు కొట్టకుండా, పసుపు మచ్చలు పడిన మొక్కలను కనిపించగానే పీకివేయాలి. పందిరి చిక్కుడులో పేనుబంక పట్టిన కొసలను తుంచి వేస్తే సరిపోతుంది. మామిడి పూత విచ్చుకున్న దశలో తేనెటీగలు తిరుగుతుంటాయి కనుక పిచికారీ మానాలి. అరటి కింది ఆకులమీద పడిన మసిని నీటితో కడగాలి. పెరటి కోళ్ళకు కొక్కెర తెగులు టీకాను ఎండలు ముదరకముందే దగ్గరలోని పశువైద్యశాలలో వేయించాలి.