నవల చదివాక ‘నీతి ఏమిటి?’ అని అడగకండి

సందేహాలు – సమాధానాలు

ఈసారి వచ్చిన ఉత్తరాల్లో చాలా వరకు వనపర్తి, గద్వాల వైపు నుంచి వచ్చినవే. ప్రాథమిక బడుల్లో పిల్లలతో నవలలు చదివిస్తున్న టీచర్లు రాసినవి కొన్ని, ఆ పిల్లల తల్లిదండ్రులు రాసినవి కొన్ని. ఒకే రకం సందేహాలను కలిపి జవాబులిస్తున్నాను.

● నాలుగు, ఐదు తరగతుల పిల్లలతో శనివారం ఆఖరి పీరియడ్‌లో పుస్తకాల క్లబ్బు నడుపుతున్నాను. స్టీవెన్‌సన్ నవలకు నండూరి రామమోహనరావు అనువాదం ‘కాంచన ద్వీపం’ మొదలుపెట్టాం. చదువుతున్నంతసేపు నోరు తెరుచుకుని వింటారు. ‘ఇప్పుడు ప్రశ్నలు’ అనగానే తలలు దించుకుంటారు. లేపి అడిగితే ‘అత్యాశ పనికిరాదు టీచర్’ అంటారు. ఏ పుస్తకం చదివినా ఇలాంటి జవాబే. ఎక్కడ లోపం?
– ఒక ఉపాధ్యాయిని, శ్రీరంగాపూర్

‘ఇప్పుడు ప్రశ్నలు’ అన్న మాటలోనే ఉంది. ఆ మాట వినగానే కథ అయిపోయి పరీక్ష మొదలైందని పిల్లలకు అర్థమవుతుంది. ‘జిమ్ ఎక్కడ దాక్కున్నాడు?’ అని అడుగుతారు. ఆపిల్ పండ్ల పీపాలో అని మీకు తెలుసు. మీకు తెలుసని వాళ్లకూ తెలుసు. తెలిసిన సంగతిని టీచర్ మళ్లీ అడుగుతోందంటే అది తనను పట్టుకోవడానికేనని పిల్లవాడు అనుకుంటాడు. ఇక ‘అత్యాశ పనికిరాదు’ అనేది వాళ్లు దాచుకున్న గొడుగు. ఏ వానకైనా అదే తెరుస్తారు. పాఠం చివర నీతి చెప్పించే అలవాటు మనమే చేశాం కదా, వాళ్లనేం అనగలం?

జవాబు మీకు కూడా కచ్చితంగా తెలియని ప్రశ్న అడిగి చూడండి. ఒంటికాలి సిల్వర్ మంచివాడా, చెడ్డవాడా? ఓడను దోచుకోవడానికి కుట్ర పన్నింది అతనే. తోటి దొంగలు జిమ్‌ను చంపబోతే అడ్డుపడిందీ అతనే. నేల మీద సుద్దముక్కతో ఒక గీత గీసి, మంచివాడు అనేవాళ్లను ఒక పక్క, కాదనేవాళ్లను ఇంకో పక్క నిలబడమనండి. ఎటూ తేల్చుకోలేనివాళ్లు గీత మీదే నిలబడొచ్చు. ప్రతి శనివారం అధ్యాయం అయ్యాక మళ్లీ నిలబెట్టండి. పక్క మారినవాళ్లు ఎందుకు మారారో చెప్పమని మీరు అడగనక్కర్లేదు, అవతలి పక్కవాళ్లే ఊరుకోరు.

బ్రిటన్‌కు చెందిన ఐడన్ చేంబర్స్ అనే ఆయన పిల్లలతో పుస్తకాల గురించి ఎలా మాట్లాడాలో 1993లో ఒక పుస్తకమే రాశారు. ఆయన అడగమన్నవి ప్రధానంగా నాలుగు: ఏది నచ్చింది, ఏది నచ్చలేదు, ఏది అంతుపట్టలేదు, ఏది మళ్లీ మళ్లీ వస్తున్నట్టు అనిపించింది. వీటిలో మూడోది బంగారం. అర్థం కాలేదని చెప్పడం తప్పు కాని పీరియడ్ మన బడుల్లో ఇదొక్కటే కావచ్చు. ‘ఎందుకు?’ అన్న ప్రశ్నను వీలైనంత తగ్గించమని కూడా ఆయన చెప్పారు. అది నిలదీసినట్టు ఉంటుంది. ‘జర చెప్పరా, వింటా’ అంటే పిల్లలు చెబుతారు. అడిగాక కాసేపు ఊరుకోండి. ఆ మౌనాన్ని భరించలేక మనమే జవాబు చెప్పేస్తుంటాం.

ఇంకో సంగతి. ‘కాంచన ద్వీపం’ పుట్టిందే ఒక పటం నుంచి. 1881లో స్కాట్లాండ్‌లో వాన వల్ల ఇంట్లోనే ఉండాల్సి వచ్చి, స్టీవెన్‌సన్ తన సవతి కొడుకుతో కలిసి సరదాగా ఒక దీవి బొమ్మ వేశాడు. ఆ బొమ్మ చూస్తూ కథ అల్లాడు. మీ ఊళ్లో రంగసముద్రం ఉంది, ఒడ్డున రంగనాయకస్వామి గుడి ఉంది, చెరువు కట్ట ఉంది. మీ ఊరి పటం గీసి నిధి ఎక్కడ దాచాలో పిల్లలనే తేల్చమనండి. గుడి దగ్గర దాస్తే పూజారికి దొరుకుతుందని ఒకరు, కట్ట కింద దాస్తే నీళ్లొస్తాయని ఇంకొకరు వాదిస్తారు. స్టీవెన్‌సన్ పడ్డ ఇబ్బందులే వాళ్లూ పడతారు. నవల గురించి అంతకు మించిన చర్చ నాకు తెలియదు.

● ముప్పై మందికి ఒకే ప్రతి ఉంది. కొందరు గడగడా చదువుతారు, కొందరికి ఒత్తులు కూడా రావు. తలా ఒక పేరా చదివిస్తుంటే గంటకు రెండు పేజీలు కావడం లేదు.
– ఉపాధ్యాయుడు, పెబ్బేరు మండలం

తలా ఒక పేరా పద్ధతి ఈ రోజే మానేయండి. చదివేవాడికి భయం, వినేవాళ్లకు విసుగు. తన వంతు ఎప్పుడొస్తుందా అని లెక్కపెట్టుకునేవాడికి కథ ఎలా ఎక్కుతుంది?

మీరే చదవండి. గొంతు మార్చి, అవసరమైతే కాస్త నటించి చదవండి. ఇందాక చెప్పిన స్టీవెన్‌సన్ కూడా ‘కాంచన ద్వీపం’లో రాసిన అధ్యాయాన్ని రాసినట్టే ఇంట్లోవాళ్లకు చదివి వినిపించేవాడు. ఆయన తండ్రి ఎంత లీనమైపోయాడంటే, కథలో చనిపోయిన ఓడవాడి పెట్టెలో ఏమేం సామాన్లు ఉండాలో జాబితా ఆయనే రాసిచ్చాడు. ఒకే ప్రతి, ఒకే గొంతు, చుట్టూ వినేవాళ్లు: ఆ నవల తొలి పాఠకులకు దొరికిందీ ఇంతే.

ఎక్కడ ఆపాలన్నది చందమామ నుంచి నేర్చుకోవాలి. దాసరి సుబ్రహ్మణ్యం గారు 1954లో ‘తోకచుక్క’తో మొదలుపెట్టి ఏళ్ల తరబడి అందులో జానపద సీరియళ్లు రాశారు. ప్రతి నెలా భాగం సరిగ్గా కత్తి ఎత్తిన చోటో, తలుపు తెరుచుకున్న చోటో ఆగేది. మీరూ అధ్యాయం చివరి దాకా వెళ్లకుండా గండం మధ్యలో ఆపండి. తర్వాత పుస్తకాన్ని బల్ల మీదే వదిలేయండి. తొందరపడేవాళ్లు ముందు పేజీలు దొంగతనంగా చదువుకుంటారు. ఒత్తులు రానివాడు కూడా ఆ ఒక్క పేజీ కోసం పక్కవాణ్ణి బతిమాలతాడు.

చదవడం నేర్పే పనికి వేరే సమయం ఉంది. ఒకటి నుంచి ఐదో తరగతి దాకా ప్రభుత్వ కార్యక్రమం ‘తొలిమెట్టు’ 2022 ఆగస్టు 15న మొదలైంది ఆ పని కోసమే. ఆ భారాన్ని శనివారం మీదికి తేకండి. ఒత్తులు రానివాడే చర్చలో అందరికంటే బాగా మాట్లాడవచ్చు. ఆ అవకాశం అతనికి వేరే ఏ పీరియడ్‌లోనూ దొరకదు.

● మా పిల్లలది పాలమూరు మాట. రాయచూరు వైపు నుంచి వచ్చిన ఇద్దరు ఇంట్లో కన్నడం మాట్లాడతారు. పుస్తకాల భాష వేరు, పేర్లేమో నోరు తిరగనివి. ప్రతి మాటకూ ఆగి అర్థం చెప్పాలా?
– ఒక టీచర్, గద్వాల

వద్దు. పది మాటలకు అర్థం తెలియకపోయినా కథ తెలుస్తుంది. కథ తెలిస్తే ఆ పదింటిలో ఆరు మాటల అర్థం దానంతట అదే తెలుస్తుంది. పేర్ల జాబితా బోర్డు పక్కన ఒక చార్టు మీద రాసి పెట్టండి, అది చాలు. పిల్లలు ఆ పాత్రలకు మారుపేర్లు పెట్టుకుంటారు. అడ్డు చెప్పకండి.

దిద్దడం మాత్రం పూర్తిగా మానాలి. ‘జిమ్ము పీపాల కూసున్నడు’ అని చెబుతున్న పిల్లను ఆపి ‘కూర్చున్నాడు అనాలి’ అన్నారంటే, ఆమె ఇక ఆ రోజు నోరు తెరవదు. కన్నడం పిల్లలను కన్నడంలోనే చెప్పనివ్వండి. గద్వాలలో దాన్ని తెలుగు చేసి చెప్పే పిల్ల క్లాసులో ఎవరో ఒకరు ఉండకపోరు.

మీ ఉత్తరంలో మీరు అడగని ఒక బాధ కూడా ఉంది. తెలుగులో చిన్నతనం గురించి బాగా పేరొచ్చిన పుస్తకాలు ఎక్కువగా వేరే ప్రాంతాల మాటలో ఉన్నాయి: ముళ్లపూడి ‘బుడుగు’, సోమరాజు సుశీల ‘ఇల్లేరమ్మ కతలు’, చిత్తూరు మాటలో నామిని కథలు, నెల్లూరు నుంచి ఖదీర్‌బాబు ‘దర్గామిట్ట కతలు’. మీ పిల్లల మాట వాళ్లకు పుస్తకంలో అరుదుగా కనిపిస్తుంది. ఈ లోటు మీరు ఒక్కరు తీర్చలేరు. కానీ ఈ పుస్తకాల నుంచి పిల్లలకు తగిన ఒక ముక్క ఎంచి చదివి, ‘ఇదే మన వాడల అయితే ఎట్ల చెప్తరు?’ అని అడగండి. వాళ్లు చెప్పింది వాళ్ల మాటలోనే రాసి గోడకు పెట్టండి. అధికారులు వచ్చి అక్షరదోషాలని అంటే, కథ అని చెప్పండి.

● ‘రైలుబడి’ చదువుతున్నాం. అందులో యాసుయాకి అనే పిల్లవాడు చనిపోయే అధ్యాయం రాబోతోంది. దాటేయమంటారా?
– ఉపాధ్యాయిని, వనపర్తి

దాటేయకండి. తెత్సుకో కురొయనగి 1981లో జపాన్‌లో అచ్చువేసిన ఈ పుస్తకం నిజానికి నవల కాదు, ఆమె చిన్నప్పటి సంగతులు; అందులోని తొత్తోచాన్ ఆమే. కాబట్టి ఆ పిల్లవాడు నిజంగా ఉన్నవాడు. పోలియో వల్ల చెట్టెక్కలేని అతణ్ణి తొత్తోచాన్ నిచ్చెన తెచ్చి, చెమటలు కక్కుతూ తన చెట్టు మీదికి ఎక్కించిన అధ్యాయం మీ పిల్లలు ఇప్పటికే విని ఉంటారు. మరణం దగ్గర కత్తెర వేస్తే ఆ చెట్టు అధ్యాయం బరువూ తగ్గిపోతుంది. పైగా పల్లె పిల్లలు చావును చూడనివాళ్లేం కాదు. శవయాత్ర వాళ్ల ఇంటి ముందు నుంచే పోతుంది. చూసినదాని గురించి మాట్లాడే చోటు మాత్రం వాళ్లకు ఎక్కడా లేదు.

అయితే కొంచెం ముందుచూపు కావాలి. ఈ మధ్య ఇంట్లో ఎవరినైనా పోగొట్టుకున్న పిల్ల క్లాసులో ఉంటే, ముందు రోజే ఆమెను పక్కకు పిలిచి వచ్చే అధ్యాయంలో ఏముందో చెప్పండి. వింటుందో, ఆ సమయానికి వేరే పని చేసుకుంటుందో ఆమే చెబుతుంది. చదివిన రోజు చర్చ పెట్టకండి. గీతలు, ఓట్లు ఏవీ వద్దు. బొమ్మ వేయాలనుకున్నవాళ్లకు కాగితం ఇవ్వండి. మరుసటి వారం చెట్టెక్కిన అధ్యాయాన్ని ఇంకోసారి చదవండి. రెండోసారి వింటున్నప్పుడు పిల్లల ముఖాలు వేరుగా ఉంటాయి, వాళ్ల మాటలు అప్పుడు వస్తాయి.

పుస్తకం చివర 1945 బాంబు దాడుల్లో తొత్తోచాన్ చదివిన బడి కాలిపోతుంది. పిల్లలు దీనికి ఎక్కువ కోపం తెచ్చుకుంటారు. బడిని ఎవరు కాల్చారు, ఎందుకు కాల్చారు అని అడుగుతారు. యుద్ధం గురించి మీకు తెలిసినంత చెప్పండి. హెడ్‌మాస్టర్ కొబయాషి మంటలు చూస్తూ కూడా తర్వాతి బడి ఎలా కట్టాలా అని ఆలోచించాడన్న సంగతి దగ్గర కాసేపు ఆగండి.

● నేను పొలం పని చేసేవాణ్ణి. మా పాప బడి నుంచి వచ్చి దొంగల ఓడ కథలు చెబుతోంది. ఎక్కాలు మాత్రం రావు. కథలతో కాలం గడిపితే చదువు ఎట్ల వస్తది?
– ఒక తండ్రి, శ్రీరంగాపూర్

మీ పాప ఇంటికొచ్చి కథంతా వరుస తప్పకుండా చెప్పగలుగుతోందంటే జ్ఞాపకం, మాట రెండూ గట్టిగానే ఉన్నాయన్నమాట. ఎక్కాల సంగతి లెక్కల పీరియడ్‌లో అడగండి. అడగాల్సిన విషయమే అది. కానీ వారానికి ఒక పీరియడ్ వల్ల ఎక్కాలు పోవు. గుజరాత్‌కు చెందిన గిజుభాయి బధేకా రాసిన ‘పగటి కల’లో నాలుగో తరగతికి కొత్తగా వచ్చిన టీచర్ కథలతోనే మొదలుపెడతాడు. ఇతనెప్పుడు పాఠం చెబుతాడని తోటి టీచర్లు మీలాగే గొణుగుతారు. మీరు కూడా ఒక రాత్రి పాపను ఆ దొంగల ఓడ కథ చివరి దాకా చెప్పమని అడగండి.

● దీపావళి తర్వాత నలుగురు పిల్లలు అమ్మానాన్నలతో పనులకు వలస పోయారు. ఉగాదికి గాని రారు. నవల మధ్యలో ఉంది. వాళ్లు వచ్చేసరికి ముగిసిపోతుంది.
– ఉపాధ్యాయుడు, నాగర్‌కర్నూల్ జిల్లా

పల్లె బడుల్లో పుస్తకాల క్లబ్బు గురించి రాసే పుస్తకాలేవీ చెప్పని సమస్య ఇది. రెండు పనులు చేయొచ్చు. మీరు చదివేటప్పుడు ఫోన్‌లో రికార్డు చేసి, వాళ్ల నాన్న ఫోన్‌కు వాట్సాప్‌లో వాయిస్ పంపండి. పని దగ్గర గుడిసెలో రాత్రి అది వినేది ఒక్క మీ పిల్లవాడే కాకపోవచ్చు. రెండోది, ‘కథ ఎంత దాకా వచ్చింది’ అని ఒక నోట్‌బుక్ పెట్టి, ప్రతి వారం ఇద్దరు పిల్లలు నాలుగు వాక్యాలు రాసి ఒక బొమ్మ వేసేలా చూడండి. తిరిగొచ్చినవాళ్లకు కథ చెప్పే బాధ్యత క్లాసుది. మీరు నోరు మెదపకండి. విననివాళ్లకు చెప్పాల్సి వచ్చినప్పుడే విన్నవాళ్లకు తాము ఏం విన్నారో తెలుస్తుంది.

వీలైతే పుస్తకమే ఇచ్చి పంపండి. స్టాక్ రిజిస్టర్ భయంతో బీరువాలో తాళం వేసి ఉంచిన పుస్తకాలు చాలా చూశాను. అవి చిరగవు, నిజమే.

● వచ్చే ఏడాదికి ఏ నవలలు తీసుకోవాలి? 2022లో ప్రభుత్వం బడుల్లో ‘రీడ్’ పఠన కార్యక్రమం పెట్టినప్పటి నుంచి లైబ్రరీ మూలలో బొమ్మల కథలు ఉన్నాయి గాని, పెద్ద కథలు లేవు.
– ఇద్దరు ఉపాధ్యాయులు, శ్రీరంగాపూర్ మండలం

నండూరి రామమోహనరావు గారి అనువాదాలతో మొదలుపెట్టారు కాబట్టి అక్కడి నుంచే సాగండి. ‘రాజు–పేద’ ఐదో తరగతికి సరిగ్గా సరిపోతుంది. బట్టలు మారితే మనిషి మారతాడా అన్న ప్రశ్న యూనిఫారం వేసుకున్న పిల్లల ముందు పెట్టి చూడండి. రాజముద్రతో పేద పిల్లవాడు గింజలు పగలగొట్టుకునే చోట పడీ పడీ నవ్వుతారు. ‘టామ్ సాయర్’ కూడా బాగుంటుంది. అయితే అందులో స్థానిక తెగకు చెందిన మనిషిని చిత్రించిన తీరులో ఆ కాలపు చిన్నచూపు ఉంది. మీరు ముందే మొత్తం చదివి, ఆ చోట ఏమనాలో ఆలోచించుకుని వెళ్లండి. అసలు ఏ నవలనూ మీరు పూర్తిగా చదవకుండా క్లాసుకు తీసుకెళ్లవద్దు.

అనువాదాలే కాకుండా తెలుగులోనే పుట్టినవీ ఉండాలి. కేంద్ర సాహిత్య అకాడెమీ 2010లో బాల సాహిత్య పురస్కారాలు మొదలుపెట్టిన ఏడాదే తెలుగులో అది ఒక నవలకు వచ్చింది: కలువకొలను సదానంద ‘అడవితల్లి’. 2024లో ఈ పురస్కారం పొందిన పి. చంద్రశేఖర ఆజాద్ ‘మాయాలోకం’ కూడా నవలే. ప్రతులు దొరికితే రెండూ తెప్పించండి.

ఎంపిక మాత్రం పిల్లలకు వదలండి. మూడు పుస్తకాల మొదటి రెండేసి పేజీలు చదివి వినిపించి చేతులెత్తమనండి. ఓడిపోయిన పుస్తకాన్ని కూడా మూలలో ఉంచండి. ఎంచుకున్నది నచ్చకపోతే మానేయొచ్చని ముందే చెప్పండి. ఫ్రాన్స్‌కు చెందిన దానియల్ పెనాక్ అనే టీచర్, నవలాకారుడు 1992లో పాఠకుడి హక్కులని పది రాశాడు. పుస్తకాన్ని సగంలో వదిలేసే హక్కు వాటిలో ఉంది. మూడు శనివారాలు చదివాక కూడా కిటికీ వైపే చూస్తుంటే, ఆ పుస్తకం పక్కన పెట్టి రెండోదాని మొదటి పేజీ తీయండి.