హాజరు పట్టీలో లేని పేరు

పాఠ్యభాగము: లూకా సువార్త 10:25–37

ఈ పాఠము చదువుటకు ముందు మీ సంఘ సభ్యత్వ పుస్తకమును ఒకసారి తెరిచి చూడండి. పేర్లు, బాప్తిస్మము పొందిన తేదీలు, నెల చందాలు అన్నీ ఉంటాయి. ఆరు నెలలుగా ఆరాధనకు రానివాని పేరు ప్రక్కన ఏమి వ్రాసి ఉన్నదో చూడండి. మా పుస్తకములో ఏమీ లేదు, ఖాళీ.

నేను ముప్పై ఏండ్లకు పైగా బడిలో హాజరు పట్టీ పిలిచినవాడను. టీచర్ ట్రైనింగులో మాకు మొదటి నెలలోనే నేర్పారు, రాని పిల్లవాని ఇంటికి సాయంత్రము వెళ్లి కారణము కనుక్కోవాలని. బడిలో ఆ పని చేశాను. సంఘములో పెద్దనైన తరువాత చేయలేదు. ఎందుకు చేయలేదో చెప్పుటకే ఈ పాఠము.

ముందుగా మనము ఉంటున్న ఊళ్ల సంగతి. 2011 జనాభా లెక్కల ప్రకారము రాయగడ పట్టణములో 71,208 మంది, కోరాపుట్ పట్టణములో 47,468 మంది, జయపురములో 84,830 మంది ఉన్నారు. 2021లో జరగవలసిన లెక్క ఆగిపోయినందున చేతిలో ఉన్నవి ఈ అంకెలే. రాయగడ 1992 అక్టోబరు 2న కోరాపుట్ నుండి విడివడి వేరు జిల్లా అయినది. ఆ జిల్లాలో నూటికి ఇంచుమించు 56 మంది, కోరాపుట్ జిల్లాలో సగము మందికి పైగా షెడ్యూల్డు తెగలవారు. బజారులో నిలబడితే ఒడియా, కువి, కుయి, గుణుపురం వైపు సవర, వాటి మధ్య మన తెలుగు వినబడతాయి.

మనలను వలస వచ్చినవారు అంటారు. కొందరి విషయములో అది నిజమే. రైల్వే పనికి, జేకేపూర్ కాగితపు మిల్లుకు, తేరుబలి కర్మాగారానికి, సునాబెడలోని విమాన ఇంజన్ల ఫ్యాక్టరీకి, దామన్‌జోడి నాల్కోకు వచ్చి నిలిచిపోయినవారు మనలో చాలామంది. అయితే 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రము ఏర్పడేదాకా కోరాపుట్ ప్రాంతమంతా మద్రాసు రాజధానిలోని విశాఖపట్నం జిల్లాలోనిదే. అప్పటికే ఇక్కడ కాపురమున్న మన తాతలు ఎక్కడికీ కదలలేదు, సరిహద్దే కదిలినది.

ఇంత చిన్న ఊరిలో, అందులో మరీ చిన్నదైన తెలుగువారిలో, ఇంకా చిన్నదైన మన సంఘములో దాపరికము సాగదు అనుకుంటాము. నేను చూసినది దానికి విరుద్ధము. అందరూ అందరికీ తెలిసినచోటనే మనిషి ఎక్కువ దాచుకుంటాడు. పెద్దాసుపత్రిలో చీటీ వ్రాసేవాడు పక్కవీధివాడు, మందుల షాపువాడు మన కొట్టు పక్క కొట్టువాడు. ‘ఫలానా వారి అబ్బాయి మానసిక వైద్యుని గది ముందు కూర్చున్నాడట’ అన్న మాట ఆదివారము ఆరాధనకు ముందే మందిరము చేరుతుంది. ఆడపిల్ల పెండ్లి సంబంధము మన తెలుగు ఇళ్లలోనే చూసుకోవాలి గదా. అందువలన తల్లి దాస్తుంది, భార్య దాస్తుంది. చివరకు పెద్దలమైన మేమును దాస్తాము.

బడిపంతులు అలవాటు చొప్పున ఒక లెక్క. కేంద్ర సామాజిక న్యాయ శాఖ కొరకు ఢిల్లీ ఎయిమ్స్ వైద్యులు దేశమంతటా సర్వే చేసి 2019లో ప్రకటించారు. 10 మొదలు 75 ఏండ్ల లోపువారిలో నూటికి 14.6 మంది మద్యము వాడుతున్నారు. నూటికి 5.2 మందికి, అనగా దాదాపు 5.7 కోట్ల మందికి, త్రాగుడు విషయములో సహాయము అవసరము. మద్యమునకు బానిసలైనవారిలో 38 మందికి ఒక్కరు మాత్రమే ఏదో ఒక చికిత్స పొందామని చెప్పారు. దేశపు సగటును ఒక సంఘమునకు అతికించకూడదని నాకు తెలుసు. అయినను నల్లబల్ల మీద లెక్కగా వేస్తే రెండు వందల మందిలో పదిమంది. మా పుస్తకములో రెండు వందలకు పైగా పేర్లున్నవి. పెద్దల కూటములో ఈ విషయముగా మేము పలికిన పేరు ఒక్కటే.

ఆ ఒక్కని సంగతి చెప్తాను. పేరు, ఊరు వ్రాయను. ఆయన భార్య అనుమతితోనే వ్రాస్తున్నాను. డిసెంబరు 31 రాత్రి ఆరాధనలో ఆయన ముందుకు వచ్చి కన్నీళ్లతో ఇక త్రాగనని చెప్పాడు. అప్పటికి పన్నెండేండ్లుగా పొద్దున్న లేస్తూనే త్రాగే మనిషి. నేనే చేయి పట్టుకొని ప్రమాణము చేయించాను. అందరము సంతోషించాము. మరునాడు చేతులు వణుకుతుంటే జనవరి చలి అనుకున్నారు. ఆ తెల్లవారుజామున మూర్ఛ వచ్చినది. కబురందగానే మేము వెళ్లి, దయ్యము విడిచిపోతున్నదని, గదిలో చేరి ప్రార్థన మొదలుపెట్టాము. మధ్యాహ్నమునకు ఆయన గోడ మీద చీమలను దులుపుతున్నాడు. చీమలు లేవు. మా సంఘములో నర్సుగా చేసి రిటైరైన ఒక అమ్మగారు వచ్చి ఒక్కసారి చూసి, “మాస్టారూ, ప్రార్థన ఆటోలో చేద్దాం, లేవండి” అన్నది.

ఆసుపత్రిలో ఇంకొక తప్పు జరిగినది, అదియు నాదే. డాక్టరు ఒడియాలో అడుగుతున్నాడు: రోజుకు ఎంత, ఎన్నేండ్ల నుండి, చివర ఎప్పుడు త్రాగాడు? భార్యకు బజారు ఒడియా తప్ప రాదు. నేను మధ్యవర్తిని. ఆమె నిజమే చెప్పినది. నేను సంఘము పరువు తలచుకొని, ‘అప్పుడప్పుడు కొంచెము’ అని ఒడియాలోకి మార్చాను. నర్సమ్మగారు పక్కన లేకపోతే ఏమయ్యేదో! ఆమె నన్ను పక్కకు జరిపి సీసాల లెక్కతో సహా చెప్పినది. మనిషి బ్రతికాడు.

ఇందులోని వైద్య విషయము ప్రతి సంఘ పెద్దకు తెలియవలెను. చాలా ఏండ్లు రోజూ ఎక్కువగా త్రాగిన శరీరము మత్తునకు అలవాటుపడి ఉంటుంది. ఒక్కసారిగా ఆపితే, ఆరు గంటలు మొదలుకొని ఒక రోజులోగా వణుకు, చెమట, వాంతి, నిద్రలేమి వస్తాయి. మొదటి రెండు రోజులలో కొందరికి మూర్ఛలు వస్తాయి. రెండవ రోజు మొదలు నాల్గవ రోజులోగా కొందరికి మతి తప్పి, లేనివి కనబడి, జ్వరము, గుండెదడ పెరుగుతాయి. చికిత్స లేకపోతే ఇది ప్రాణము తీయగలదు. ఆసుపత్రిలో చేర్చి, నరములు శాంతించుటకు మందులిచ్చి క్రమముగా తగ్గించి, బి1 విటమిను ఎక్కిస్తే చాలామంది కొద్ది రోజులలో ఈ గండము దాటుతారు. కాబట్టి ‘ఈ రాత్రే మానేయి’ అని వేదిక మీద నుండి పిలుచుటకు ముందు ‘రేపు పొద్దున్న నాతో డాక్టరు దగ్గరకు రా’ అనవలెను. ఇంకొకటి. మనిషికి తెలియకుండా కూరలో, టీలో కలిపే మందులను తల్లులు కొని తెస్తున్నారు. అది ప్రమాదము. అటువంటి కొన్ని మందుల మీద మద్యము పడితే రక్తపోటు పడిపోయి మనిషి కూలిపోవచ్చును.

ఇప్పుడు పాఠ్యభాగమునకు వద్దాము. యాజకుని, లేవీయుని గూర్చి మనము చాలా ప్రసంగములు విన్నాము. సత్రపువానిని గూర్చి తక్కువ విన్నాము. సమరయుడు గాయములు కట్టాడు, నూనెయు ద్రాక్షారసమును పోశాడు, తన పశువు మీద ఎక్కించాడు. ఆ రాత్రి దగ్గర ఉండి చూసుకున్నాడు. మరునాడు తాను చేయలేని పనిని, అది చేయగలవానికి డబ్బిచ్చి అప్పగించాడు. అంతటితో చేతులు దులుపుకోలేదు, తిరిగి వచ్చినప్పుడు మిగిలిన లెక్క చూస్తానన్నాడు. మోసుకెళ్లుట, అప్పగించుట, తిరిగి వచ్చుట అని మూడు పనులున్నవి. మనము మొదటిది అప్పుడప్పుడు చేస్తాము. రెండవది చేయుటకు సిగ్గుపడతాము, ఆసుపత్రికి పంపితే విశ్వాసము తక్కువైనట్లు. బిస్సంకటక్‌లో 1954లో ఎలిజబెత్ మాడ్సెన్ అనే డేనిష్ వైద్యురాలు క్రైస్తవ ఆసుపత్రి ప్రారంభించినప్పుడు ప్రార్థనకు, మందుకు తగవు ఉన్నదని ఎవరూ అనుకోలేదు.

మూడవదానిలో మేము ఘోరముగా తప్పాము. పై సహోదరుడు మూడు నెలలు బాగుండి, తరువాత మరల త్రాగాడు. మేము కూటము పెట్టి ఆయనను ప్రభువు బల్ల నుండి ఆపాము. ఆ నిర్ణయములో నేనును చేయి ఎత్తాను. ఫలితము ఏమనగా, ఆయన ఆరాధనకు రావడం మానేశాడు, ఆయనను చూసి ఇంకెవరును నోరు విప్పలేదు. క్రమశిక్షణ వద్దని నేను అనను, బాప్టిస్టువాడను. కాని చికిత్స కోరి వచ్చినవానికి మొదట శిక్ష చూపితే రెండవవాడు రాడు. ఈ జబ్బు మరల తిరగబెట్టుట సాధారణమని డాక్టర్లు చెప్తారు. షుగరు మరల పెరిగినవానిని మనము బల్ల నుండి ఆపము గదా. ఆ తీర్పు ఇచ్చిన మాలో ఇద్దరి జేబులో ఖైనీ పొట్లము ఉన్నదని కూడా చెప్పాలి. 2016–17 పొగాకు సర్వేలో ఒడిశా పెద్దలలో నూటికి 45 మందికి పైగా పొగాకు వాడేవారే. మన స్త్రీల గుడాకు, ముసలమ్మల అడ్డపొగ చుట్ట కూడా ఇందులోనివే.

1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో, అక్షరాలు దిద్దుకుంటున్న స్త్రీలు సారా దుకాణము మూయించారు. ఆ ఉద్యమము రాష్ట్రమంతా పాకి, 1993 అక్టోబరులో సారా నిషేధము వచ్చినది. ఉపాధ్యాయునిగా ఆ సంగతి తలచుకుంటే నాకు గర్వము. కాని మన కొండలలో ఇప్పసారా, జీలుగు కల్లు దుకాణము లేకుండానే దొరుకుతాయి. ఇక్కడ మూయించుటకు తలుపు లేదు, మనిషి వద్దకే వెళ్లాలి.

ఎక్కడికి తీసుకొని వెళ్లాలి అంటే, జిల్లా పెద్దాసుపత్రి ఉన్నది. కోరాపుట్‌లో 2017లో మొదలైన శహీద్ లక్ష్మణ నాయక్ వైద్య కళాశాల ఆసుపత్రి ఉన్నది. ఊరిలో కనబడుటకు సిగ్గుపడేవారికి విశాఖపట్నం చినవాల్తేరులోని ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉన్నది, అక్కడ తెలుగులో చెప్పుకోవచ్చును. 2022 నుండి టెలి మానస్ ఫోను 14416 పగలు రాత్రి పనిచేస్తున్నది, భాష ఎంచుకోవచ్చును. వ్యసనముల కొరకే 14446 ఉన్నది. రెండును ఉచితము. ఏ కేంద్రములోనైనను గొలుసుతో కడతామంటే అక్కడ చేర్చవద్దు, 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టము దానిని నిషేధించినది.

ఆ సహోదరుని ఇంటికి నేను పద్నాలుగు నెలలు ఆలస్యముగా వెళ్లాను. ఆయన తలుపు తీసి, “మాస్టారూ, హాజరు వేయడానికి వచ్చారా?” అన్నాడు. నవ్వుతూనే అన్నాడు. టీ ఇచ్చారు. మరుసటి వారము ఇద్దరము కలిసి రైలెక్కి డాక్టరు వద్దకు వెళ్లాము. ఇప్పటికి మూడుసార్లు వెళ్లాము, నాల్గవ తేదీ రాసిచ్చారు.

కూటములో చర్చించుటకు: మీ సంఘములో డాక్టరుతో ఒడియాలో ఉన్నదున్నట్లు చెప్పగలవారు ఎవరు? వారిలో స్త్రీలు ఉన్నారా? రాత్రి పూట మూర్ఛ వస్తే బండి ఎవరిది? ఈ మూడు జవాబులు వ్రాసి సభ్యత్వ పుస్తకము మొదటి పుటలో అంటించండి.