కడిగిన నీరు ఎటు పోతోంది?

కొండరాయి పగలగొట్టి కంకర చేస్తారు. కంకర కడిగితే బురదనీరు వస్తుంది. అనకాపల్లి వైపు క్రషర్లున్న ఊళ్ళవారికి ఇది తెలిసిందే.

ఆ నీరు గెడ్డలో కలిస్తే? అడుగున మట్టి పేరుకుని గెడ్డ మెరకవుతుంది. వానొస్తే నీరు పొలాల మీద పడుతుంది. విశాఖ నగరం తాగే నీటిలో కొంత మేఘాద్రిగెడ్డ జలాశయానిది. అందులో మట్టి చేరితే నీటికి చోటెక్కడ?

బిందెలో బురదనీరు కదపకుండా ఉంచి చూడండి. ఇసుక వెంటనే దిగుతుంది. సన్నమట్టికి గంటలు పడుతుంది. వెనకటివాళ్ళు ఇండుపగింజ అరగదీసి కలిపేవారు కదా!

క్వారీలోనూ అంతే. వరసగా రెండు గోతులు తవ్వాలి. మొదటిదాంట్లో ఇసుక ఆగుతుంది. రెండోదాంట్లో నీరు తేరుకుంటుంది. ఆ తేటతో మళ్ళీ కంకర కడగొచ్చు. వానలకు ముందే బురద తీయించాలి. తీసింది గెడ్డ గట్టున పోస్తే మళ్ళీ గెడ్డలోకే.

యజమానిని అడిగి గోతుల చుట్టూ కంచె వేయించండి. పైన ఎండినట్టుంటుంది, లోపల ఊబి. పిల్లలు ఆటకని దిగుతారు.