ఈ ఆదివారం వంటకు సెలవు

"మన ఊళ్ళో ఏముందక్కా, ఎండా పలకల దుమ్మూ తప్ప?" అని నిట్టూర్చే చెల్లెళ్ళు చాలామందే ఉన్నారు. మార్కాపురమైనా, గిద్దలూరైనా ఆదివారం వస్తే మనకు ఇదే దిగులు. పిల్లలు ఎక్కడికైనా పోదామంటారు. ఆయన ఒంగోలు దాకా ఎవరు పోతారంటారు. చివరికి మనం రెండు కూరలు ఎక్కువ వండి ఆ రోజు గడిపేస్తాం. వారమంతా చేసిన పనే ఆదివారమూ చేస్తే దాన్ని సెలవంటామా?

ఒంగోలు మాట పక్కన పెట్టు. ముందు కంభం చెరువుకు పో. చిన్నప్పుడు స్కూలు వాళ్ళు తీసుకెళ్ళారులే అంటావేమో, వరుసలో నిలబడి చూసింది చూసినట్టు కాదమ్మా. రెండు కొండల నడుమ గుండ్లకమ్మకు అడ్డంగా 57 అడుగుల ఎత్తు కట్ట వేసిన చెరువు అది. గజపతుల ఆడపడుచు, శ్రీకృష్ణదేవరాయల భార్య వరదరాజమ్మ కట్టించిందని మన పెద్దవాళ్ళు చెప్పుకుంటారు. సాగునీటి కట్టడాల ప్రపంచ వారసత్వ జాబితాలో 2020లో దీనికి చోటు దొరికింది. అత్తింటికి వచ్చిన ఒక ఆడపిల్ల పేరు ఇన్ని వందల ఏళ్ళుగా నిలబెట్టుకున్న చెరువు కట్ట మీద మనం ఓ గంట కాళ్ళు చాపుకుని కూర్చోవడానికి ఎవరిని అడగాలి చెప్పు?

వానలు బాగా పడిన ఏడాది అక్టోబరు నుంచి సంక్రాంతి లోపల వెళ్తే మంచిది. వానల్లేని ఏడు చెరువు అడుగంటిపోతుంది, అప్పుడు వెళ్తే మనసు ఉసూరుమంటుంది. నాలుగు దాటాక బయల్దేరు, చీకటి పడకముందే తిరుగుముఖం పట్టు. పిల్లల్ని నీళ్ళ అంచుకు పోనివ్వకు.

ఇంకో బాధ ఉంది, పైకి చెప్పుకోం. బాత్రూమ్. ఆ భయంతోనే కదా మనం పొద్దుటి నుంచి గుక్కెడు నీళ్ళు తాగకుండా తిరిగి, రాత్రికి తలనొప్పితో పడుకునేది? అలా చేయకు. కంభం ఊళ్ళోనే ఏ హోటల్లోనో కూర్చుని టీ తాగు, అక్కడే పని చూసుకుని కట్ట దగ్గరికి పో. అడగడానికి సిగ్గెందుకు? నీళ్ళు మాత్రం ఇంటి నుంచే పట్టుకెళ్ళు. మన పడమటి మండలాల బోరునీళ్ళలో ఫ్లోరైడ్ ఎక్కువని తెలిసిందే, పిల్లలకు ఎక్కడ పడితే అక్కడ పట్టకు.

తిండి సంగతా? మనకు పెద్ద రెస్టారెంట్లు లేవని చిన్నబోకు. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా మార్కాపురం, కంభం, గిద్దలూరు కర్నూలు జిల్లాలోవే. అందుకే మన నాలుక ఇప్పటికీ సగం సీమదే. పొద్దున గిద్దలూరు వైపు వెళ్తే ఇడ్లీ అడక్కు, వేడి ఉగ్గాణి, పక్కన మిరపకాయ బజ్జీ అడుగు. సాయంత్రం రోడ్డు పక్కన పొయ్యి పెట్టుకుని జొన్నరొట్టెలు తట్టే ఆడవాళ్ళ దగ్గర ఆగు. పెనం మీది నుంచి దిగిన రొట్టె, చెనక్కాయల కారం, చాలదూ? రాత్రి వంట పనీ తప్పుతుంది, ఆ డబ్బూ మనలాంటి ఇల్లాలి చేతికే చేరుతుంది. ఎండాకాలమైతే కూల్‌డ్రింకు బదులు నన్నారి షర్బత్ తాగించు. సీతాఫలాల కాలంలో దోర్నాల, గిద్దలూరు రోడ్ల వెంట గంపలు పెట్టుకుని అమ్ముతుంటారు, కాస్త కాయగా ఉన్నవి తెచ్చుకుంటే ఇంట్లో మాగుతాయి.

అత్తమ్మ కూడా వస్తానంటే దోర్నాల అడవి దారి వద్దులే, రాత్రి తొమ్మిదికి గేటు వేస్తారు, ఆ కంగారు మనకెందుకు? త్రిపురాంతకం తీసుకెళ్ళు. కొండ మీద స్వామిని, కింద చెరువులో కొలువైన బాలా త్రిపురసుందరి అమ్మవారిని చూసి ఆమె తృప్తిపడుతుంది, మనకూ గాలి తగులుతుంది. పిల్లలు మాత్రమే ఉంటే మార్కాపురం రోడ్ స్టేషన్లో నంద్యాల వైపు పగటి రైలెక్కు. దిగువమెట్ట దాటాక రైలు నల్లమలలోకి దూరుతుంది, ఇక వాళ్ళు ఫోను అడగరు.

ఇవేవీ కుదరక, ఎవరితోనూ మాట్లాడాలని లేకపోతే? నాకు అన్నిటికంటే ఇష్టమైన చోటు చెప్తా. రాచర్ల మండలం సత్యవోలు. చాళుక్యుల నాటి రామలింగేశ్వర, భీమలింగేశ్వర ఆలయాలు. జనం పెద్దగా ఉండరు. పక్కింటి వదిననో, స్నేహితురాలినో తోడు తీసుకో, ఒంటరిగా పోవద్దు. పులిహోర డబ్బా ఒకటి చాలు.

ఖర్చని వెనకాడకు, బస్సు చార్జీలూ జొన్నరొట్టెలూ మన ఇంటి లెక్కను తలకిందులు చేయవు. శనివారం రాత్రి పప్పు నానబెట్టకు. రేపు వంట లేదని అందరూ అన్నానికి కూర్చున్నప్పుడే చెప్పేయ్.